మైక్రోస్కోప్ మొదటి నుంచి: ఏ రకం దేనికి, స్లైడ్ ఎలా చెయ్యాలి, ఫోకస్ ఎలా పెట్టాలి

మైక్రోస్కోప్ కొనాలనుకునేవాళ్లు మొదట అడిగేది "ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?" అని. అమ్మేవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే పిల్లల బొమ్మల్లాంటి ప్లాస్టిక్ మైక్రోస్కోపుల అట్టపెట్టెల మీద 1200 ఎక్స్, 2000 ఎక్స్ అని పెద్ద అక్షరాలతో అచ్చేస్తారు. అడగాల్సింది అది కాదు. ఎంత దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని రెండుగా చూపిస్తుంది అన్నది అడగాలి. రాత్రిపూట హైవే మీద చాలా దూరంలో వస్తున్న లారీ లైట్లు రెండూ కలిసి ఒక్కటే వెలుగులా కనబడతాయి, దగ్గరికొచ్చాకే విడిపోతాయి. అలా విడదీసి చూపించే శక్తిని రిజల్యూషన్ అంటారు. అది లేకుండా బొమ్మని ఎంత పెద్దది చేసినా పెద్ద మసక తప్ప ఇంకేమీ రాదు.

ఈ గైడ్ డిగ్రీలో బోటనీ, జువాలజీ, మైక్రోబయాలజీ చదివేవాళ్లకి, ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) చేస్తున్నవాళ్లకి, స్కూల్లో బీరువాలో మూలుగుతున్న మైక్రోస్కోప్‌ని బయటికి తీద్దామనుకునే టీచర్లకి. ఇంట్లో సరదాగా చూసేవాళ్లకీ పనికొస్తుంది. చరిత్రని విడిగా ఒక పాఠంలా పెట్టలేదు, ఏ భాగం ఎందుకు వచ్చిందో చెప్పేటప్పుడే చెబుతాను.

ముందు ఆబ్జెక్టివ్ మీద రాసి ఉన్నది చదవండి

మైక్రోస్కోప్‌లో స్లైడ్ వైపు ఉండే కటకం ఆబ్జెక్టివ్, కన్ను పెట్టేది ఐపీస్. ఐపీస్ సాధారణంగా 10 ఎక్స్. ఆబ్జెక్టివ్‌లు 4, 10, 40, 100 ఉంటాయి, పాత స్కూల్ మైక్రోస్కోపుల్లో 10, 45 రెండే ఉంటాయి. రెండూ గుణిస్తే మొత్తం ఎన్ని రెట్లో వస్తుంది, అంటే 40 ఆబ్జెక్టివ్‌తో 400 రెట్లు. ఇది అందరికీ తెలిసిందే.

చాలామంది పట్టించుకోని అంకె దాని పక్కనే ఉంటుంది. 40/0.65 అని రాసి ఉంటే ఆ 0.65 న్యూమరికల్ అపెర్చర్, క్లుప్తంగా ఎన్ఏ. స్లైడ్ నుంచి వచ్చే కాంతిని కటకం ఎంత వెడల్పు కోణంలో పట్టుకోగలదో చెప్పే లెక్క అది. రిజల్యూషన్ దీని మీదే ఆధారపడుతుంది. 0.61ని కాంతి తరంగదైర్ఘ్యంతో గుణించి ఎన్ఏతో భాగించండి. మిల్లీమీటరులో వెయ్యో వంతు మైక్రాన్, మైక్రాన్‌లో వెయ్యో వంతు నానోమీటరు. ఆకుపచ్చ కాంతి 550 నానోమీటర్లు అనుకుంటే 10 ఎక్స్, 0.25 ఆబ్జెక్టివ్‌తో 1.3 మైక్రాన్లు, 40 ఎక్స్, 0.65తో దాదాపు 0.5 మైక్రాన్, 100 ఎక్స్, 1.25తో 0.27 మైక్రాన్. అంతకన్నా చిన్న తేడాలు మామూలు కాంతి మైక్రోస్కోప్‌లో కనబడవు, ఎంత డబ్బు పోసినా దాదాపు 0.2 మైక్రాన్ దగ్గర ఆగిపోవాల్సిందే.

ఇంకో లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు, బొమ్మ మైక్రోస్కోపుల వాళ్లు మిమ్మల్ని మోసం చెయ్యలేరు. గరిష్ఠంగా ఎన్ని రెట్లు పెద్దది చేస్తే పనికొస్తుందో అది ఎన్ఏకి సుమారు 1000 రెట్లు. 1.25 ఎన్ఏకి 1250 ఎక్స్, అంతే. 2000 ఎక్స్ అని రాసి ఉందంటే ఆ పై 750 గాలి.

అదే ఆబ్జెక్టివ్ మీద 160/0.17 అని కూడా ఉండొచ్చు. 160 అంటే ట్యూబ్ పొడవు మిల్లీమీటర్లలో, 0.17 అంటే కవర్ స్లిప్, అంటే నమూనా మీద కప్పే పలచటి గాజు బిళ్ల, దాని మందం మిల్లీమీటర్లలో. చవకరకం మందపాటి కవర్ స్లిప్ వేస్తే 40 ఎక్స్ దగ్గర బొమ్మ మసకగా రావడానికి కారణం ఇదే, కటకం తప్పేమీ లేదు. చుట్టూ ఉండే రంగు గీత కూడా గుర్తే: ఎరుపు 4, పసుపు 10, లేత నీలం 40, తెలుపు 100.

ఏ భాగం ఎక్కడి నుంచి వచ్చింది

రెండు కటకాల మైక్రోస్కోప్ 1600 సంవత్సరం అటూఇటూగా యూరప్‌లో పుట్టింది. నెదర్లాండ్స్‌లోని మిడిల్‌బర్గ్‌కి చెందిన యాన్సెన్ పేరు పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది కానీ, మొదట చేసింది అతనేనా అన్నదాని మీద చరిత్రకారుల్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. రాబర్ట్ హుక్ 1665లో అచ్చువేసిన మైక్రోగ్రాఫియాలో బెరడు ముక్కలోని ఖాళీ గదుల బొమ్మ గీసి వాటిని సెల్స్ అన్నాడు. అయితే అప్పటి రెండు కటకాల పరికరాల్లో ప్రతి వస్తువు చుట్టూ రంగుల అంచులు వచ్చేవి, ఎక్కువ పెద్దది చేస్తే అలుక్కుపోయేది.

డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారి లేవెన్‌హుక్ దీన్ని ఇంకో దారిలో దాటేశాడు. ఒక్కటే కటకం, అదీ చిన్న గాజు పూస, రెండు లోహపు రేకుల మధ్య బిగించి కంటికి ఆనించి చూడటం. మిగిలి ఉన్నవాటిలో మేలైనది దాదాపు 270 రెట్లు చూపిస్తుంది. 1674లో సరస్సు నీటిలో ఏకకణ జీవుల్ని చూశాడు. మిరియాలు ఎందుకు ఘాటుగా ఉంటాయో తెలుసుకుందామని వాటిని నీళ్లలో నానబెట్టి చూస్తే అందులో బాక్టీరియా కనబడింది, ఆ సంగతి 1676లో రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఘాటు సంగతి తేలలేదు గానీ సూక్ష్మజీవశాస్త్రానికి దారి పడింది. మిరియాల నీళ్ల ప్రయోగం మీరూ ఇంట్లో చేసుకోవచ్చు, వారం రోజులు మూత పెట్టకుండా వదిలేస్తే చాలు.

రంగుల అంచులు, అలుక్కుపోవడం అనే ఈ గొడవకి సరైన మందు 1830లో వచ్చింది. లండన్‌లో మద్యం వ్యాపారం చేసే జోసెఫ్ జాక్సన్ లిస్టర్ వేరువేరు గాజుల కటకాల్ని ఏ దూరంలో జతచేస్తే ఆ దోషాలు తగ్గుతాయో లెక్కగట్టి చూపించాడు. ఆపరేషన్లలో క్రిమిసంహారాన్ని తెచ్చిన సర్జన్ లిస్టర్ ఈయన కొడుకే. ఆ తర్వాత పదేళ్లలోపే, 1831లో రాబర్ట్ బ్రౌన్ కేంద్రకం గురించి చెప్పడం, 1838లో ష్లైడెన్, 1839లో ష్వాన్ జీవులన్నీ కణాలతో చేసినవే అనడం జరిగాయి.

1873లో జర్మనీలోని యేనా పట్టణంలో ఎర్న్‌స్ట్ అబ్బే రిజల్యూషన్‌కి హద్దు ఉందని సూత్రం ఇచ్చాడు, అక్కడి ఆయన స్మారకం మీద ఆ సూత్రమే చెక్కి ఉంటుంది. స్లైడ్ పెట్టే స్టేజ్ కింద ఉండి, దీపం వెలుగుని స్లైడ్ మీదికి కూడగట్టే అబ్బే కండెన్సర్ ఆయనదే. నూనె వేసి చూసే ఆబ్జెక్టివ్‌ని జైస్ కంపెనీ 1878లో ఆయన లెక్కల ప్రకారమే తయారుచేసింది. కాంతిని స్లైడ్ మీద సమానంగా పరిచే పద్ధతిని 1893లో ఆగస్ట్ కోలర్ చెప్పాడు. 1882లో రాబర్ట్ కోఖ్ క్షయ బాక్టీరియాని చూడగలిగాడంటే ఈ కండెన్సరూ నూనె ఆబ్జెక్టివూ, వాటితోపాటు రంగులు అద్దే పద్ధతులు ఉండబట్టే.

మన ఊళ్లో జరిగినది ఒకటి చెప్పకుండా ముందుకెళ్లలేను. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్, మలేరియా రోగి రక్తం తాగిన దోమని కోసి దాని పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవి పెరుగుతుండటం చూశాడు. పంకా ఆడిస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చునేవాడట. నుదుటి చెమట, చేతుల చెమట పడి మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయని, మిగిలిన ఒక్క ఐపీస్ పగిలిపోయి ఉందని తనే నోబెల్ ఉపన్యాసంలో చెప్పాడు. నోబెల్ 1902లో వచ్చింది. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది.

ఏ పనికి ఏ రకం

చూడాల్సింది ఏంటో ముందు తేల్చుకోండి, రకం దానంతట అదే తేలుతుంది.

చీమ, పువ్వు, విత్తనం, దోమ లార్వా లాంటివైతే స్టీరియో మైక్రోస్కోప్. 10 నుంచి 40 రెట్లే, కానీ రెండు కళ్లకీ వేరువేరు దారులు కాబట్టి లోతు తెలుస్తుంది, కింద చెయ్యిపెట్టి సూదితో పని చెయ్యొచ్చు, స్లైడ్ చెయ్యక్కర్లేదు. ఎనిమిదేళ్ల పిల్లాడికి మైక్రోస్కోప్ కొనిద్దామనుకుంటే నా ఓటు దీనికే. కాంపౌండ్ మైక్రోస్కోప్ కొనిస్తే ఫోకస్ దొరక్క వారంలో అటకెక్కుతుంది.

కణాలు, రక్తం, బాక్టీరియా, చెరువు నీరు అంటే మామూలు కాంపౌండ్ మైక్రోస్కోప్. నూటికి తొంభై పనులు దీనితోనే అయిపోతాయి, ఈ గైడ్‌లో మిగతాదంతా దీని గురించే. కోస్తాలో రొయ్యల చెరువుల ల్యాబుల్లో రొయ్య పిల్లల మీద జూతామ్నియం అనే సూక్ష్మజీవి పట్టిందా లేదా చూసేదీ దీనితోనే.

బతికున్న కణాలకి రంగు ఉండదు, రంగు వేస్తే చాలాసార్లు చచ్చిపోతాయి. ఈ చిక్కుని విప్పింది ఫేజ్ కాంట్రాస్ట్. కణంలోంచి వచ్చే కాంతి కొంచెం ఆలస్యంగా వస్తుంది, ఆ ఆలస్యం కంటికి తెలియదు, దాన్ని వెలుగునీడల తేడాగా మార్చడమే ఇందులో కిటుకు. డచ్ శాస్త్రవేత్త జెర్నికె 1930లలో కనిపెట్టాడు. పెద్ద కంపెనీకి తీసుకెళ్తే, ఇది పనికొచ్చేదే అయితే మేమే ఎప్పుడో కనిపెట్టేవాళ్లం అన్న ధోరణిలో మాట్లాడారని ఆయనే చెప్పుకున్నాడు. 1953లో నోబెల్ ఇచ్చారు. కణాల్ని సీసాల్లో పెంచే ల్యాబుల్లో ఉండేది దీని తలకిందుల రూపం, ఆబ్జెక్టివ్ కింద, దీపం పైన.

డార్క్ ఫీల్డ్ ఇంకా సులువు, నల్లటి నేపథ్యం మీద వస్తువులు మెరుస్తాయి. దీనికి వేరే మైక్రోస్కోప్ కొనక్కర్లేదు. కండెన్సర్ కింద ఫిల్టర్ పెట్టే చోట పారదర్శకమైన షీటు మీద నల్లకాగితం బిళ్ల మధ్యలో అంటించి పెట్టండి, 10 ఎక్స్‌లో ఐపీస్ తీసి చూస్తే మధ్యలో వెలుగు పూర్తిగా మూసుకోవాలి, బిళ్ల కొలత అలా చూసుకుంటూ కత్తిరించుకోవాలి. చెరువు నీటిని దీనిలో చూస్తే మామూలు వెలుగులో మళ్లీ చూడబుద్ధి కాదు. అలాగే రెండు పోలరైజింగ్ ఫిల్మ్ ముక్కలు, ఒకటి దీపం మీద, ఇంకోటి ఐపీస్ మీద పెట్టి తిప్పితే బంగాళాదుంప పిండి రేణువుల్లో శిలువ గుర్తు కనిపిస్తుంది.

ఫ్లోరోసెన్స్‌లో నీలం లాంటి ఎక్కువ శక్తి ఉన్న కాంతి పంపితే రంగు అద్దిన భాగం మాత్రమే వేరే రంగులో వెలుగుతుంది. క్షయ పరీక్షల ల్యాబుల్లో ఎల్ఈడీ ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపులు, ఆరమైన్ రంగు వాడతారు, ఎందుకంటే చీకట్లో వెలిగే కడ్డీల్ని వెతకడం త్వరగా అవుతుంది. జెల్లీఫిష్‌లో దొరికిన ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్‌తో బతికున్న కణంలో ఏది ఎక్కడుందో చూసే పద్ధతికి 2008లో నోబెల్ వచ్చింది. కాన్ఫోకల్ అనే రకంలో ఒక్కో పొరనే చూసి తర్వాత కంప్యూటర్‌లో పేరుస్తారు. అబ్బే హద్దుని ఫ్లోరోసెన్స్‌తోనే దాటినందుకు బెట్జిగ్, హెల్, మోర్నర్‌లకి 2014లో ఇచ్చారు. ఇవి హైదరాబాద్‌లోని సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థల్లో ఉండేవి, వాటిని వాడటం ఆపరేటర్ దగ్గర కూర్చుని నేర్చుకోవాల్సిందే.

వైరస్ చూడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్. క్నోల్, రుస్కా 1931లో బెర్లిన్‌లో మొదటిది చేశారు. రుస్కాకి నోబెల్ రావడానికి మాత్రం 1986 దాకా పట్టింది. కరోనా వైరస్ సుమారు 100 నానోమీటర్లు, మన కాంతి హద్దుకి సగం, కాబట్టి ఇంట్లో మైక్రోస్కోప్‌తో వైరస్ చూశాం అనే వీడియోలు నమ్మకండి. ట్రాన్స్‌మిషన్ రకంలో ఎలక్ట్రాన్లు నమూనాలోంచి దూరి వెళ్లాలి, అందుకని 100 నానోమీటర్లకన్నా పలచగా కొయ్యాలి. స్కానింగ్ రకం ఉపరితలాన్ని చూపిస్తుంది, మామూలుగా బంగారం పూత పూసి పెడతారు, పత్రికల్లో మీరు చూసే ఈగ కళ్ల ఫొటోలు ఇవే. రెండింట్లోనూ లోపల శూన్యం, బతికున్నదేదీ పెట్టలేం. నీటిని స్ఫటికాలు కట్టనివ్వకుండా ఒక్కసారిగా గడ్డకట్టించి ప్రోటీన్ల ఆకారం చూసే క్రయో పద్ధతికి 2017లో నోబెల్ వచ్చింది.

చివరిగా ఫోల్డ్‌స్కోప్. స్టాన్‌ఫోర్డ్‌లో మనూ ప్రకాశ్ బృందం 2014లో బయటపెట్టిన కాగితపు మైక్రోస్కోప్, గాజు పూస కటకం, దాదాపు 140 రెట్లు. మూడున్నర శతాబ్దాల తర్వాత లేవెన్‌హుక్ పద్ధతే మళ్లీ. స్కూళ్లకి ఇంతకన్నా మంచి బేరం లేదు.

కొనేటప్పుడు

గాజు ఆబ్జెక్టివ్‌లు, ఎత్తు మార్చుకోగల కండెన్సర్, దానికి వెలుగు దారిని తెరిచి మూసే డయాఫ్రం, స్లైడ్‌ని మరలతో జరిపే మెకానికల్ స్టేజ్, ఎల్ఈడీ దీపం. ఇవి ఉంటే చాలు. కెమెరా, స్క్రీన్ తర్వాత చూసుకోవచ్చు. రోజూ గంటలు చూసేవాళ్లయితే రెండు కళ్లదే తీసుకోండి, ఒంటికన్ను దానితో తలనొప్పి ఖాయం. మన దేశంలో కాలేజీలకి వచ్చే మైక్రోస్కోపులు చాలావరకు హర్యానాలోని అంబాలాలో తయారవుతాయి. వాటిలో మంచివీ ఉన్నాయి, నాసివీ ఉన్నాయి, కాబట్టి కొనేముందు ఒక స్లైడ్ పెట్టి 40 ఎక్స్‌లో అంచుల దాకా చూడండి, ఫోకస్ పెట్టి రెండు నిమిషాలు వదిలేసి స్టేజ్ దానంతట అది కిందికి జారుతోందేమో గమనించండి.

ఫోకస్ పెట్టే వరస

1. కదలని బల్ల మీద పెట్టండి. మోసేటప్పుడు ఒక చెయ్యి మెడ దగ్గర, ఒక చెయ్యి అడుగున. అద్దం ఉన్న పాత రకమైతే కిటికీ వెలుతురు చాలు, ఎండని నేరుగా అద్దంలోకి ఎప్పుడూ తిప్పకండి, కన్ను పోతుంది. కండెన్సర్ ఉంటే చదును అద్దం, లేకపోతే పుటాకార వైపు.

2. స్టేజ్ పూర్తిగా దించి, 4 ఎక్స్ ఆబ్జెక్టివ్ టక్కుమనేదాకా తిప్పండి. స్లైడ్‌ని కవర్ స్లిప్ పైకి ఉండేలా పెట్టండి. తలకిందులుగా పెట్టినా 4, 10లో బాగానే కనబడి 40లో మాత్రం ఎంత తిప్పినా ఫోకస్ రాదు, ఎందుకంటే 40 ఎక్స్‌కి కటకానికీ స్లైడ్‌కీ మధ్య ఉండే చోటు అర మిల్లీమీటరు పైచిలుకే, స్లైడ్ గాజే ఒక మిల్లీమీటరు మందం.

3. పక్కనుంచి చూస్తూ పెద్ద మరతో స్టేజ్‌ని ఆబ్జెక్టివ్ దగ్గరికి తీసుకురండి. ఆ తర్వాతే ఐపీస్‌లో చూస్తూ వెనక్కి, అంటే దూరంగా జరుపుతూ ఫోకస్ వెతకండి. దగ్గరికి జరుపుతూ వెతికేవాళ్లే స్లైడ్లు పగలగొడతారు.

4. రెండు ఐపీస్‌లు ఉంటే మధ్య దూరం సర్ది రెండు వృత్తాలు ఒకటయ్యేలా చూడండి. ముందు కదలని ఐపీస్ వైపు కన్నుతో ఫోకస్ పెట్టి, తర్వాత రెండో కన్నుతో చూస్తూ దాని రింగు తిప్పండి. కళ్లజోడు దగ్గరచూపు, దూరచూపు కోసమే అయితే తీసేయొచ్చు, సిలిండర్ పవర్ ఉంటే పెట్టుకునే చూడండి. ఒంటికన్ను మైక్రోస్కోప్ దగ్గర రెండో కన్ను మూసుకోకండి, రెండు మూడు రోజుల్లో అలవాటైపోతుంది.

5. ఇప్పుడు వెలుగు. అసలు తేడా అంతా ఇక్కడే వస్తుంది, అందుకే కాస్త ఆగి చెబుతున్నా. కండెన్సర్‌ని దాదాపు పైదాకా ఎత్తండి. ఐపీస్ ఒకటి తీసి ట్యూబ్‌లోకి చూస్తే వెలుగు బిళ్ల కనబడుతుంది, డయాఫ్రం మూస్తూ అందులో ముప్పాతిక భాగం వెలిగేలా ఆపండి. ఎక్కువ మూస్తే గీతలు నల్లగా, కొట్టొచ్చినట్టు కనబడి బాగుందనిపిస్తుంది గానీ రిజల్యూషన్ పోతుంది, లేని అంచులు కూడా పుడతాయి. పూర్తిగా తెరిస్తే వెలుగులో బొమ్మ పాలిపోతుంది. వెలుగు ఎక్కువగా ఉంటే దీపం తగ్గించండి, డయాఫ్రంతో తగ్గించకండి. ఆబ్జెక్టివ్ మార్చినప్పుడల్లా ఇది మళ్లీ సర్దాలి.

దీపం దగ్గర ఇంకో డయాఫ్రం ఉన్న మైక్రోస్కోప్ అయితే కోలర్ పద్ధతి పాటించండి. 10 ఎక్స్‌లో స్లైడ్‌ని ఫోకస్ చేసి, కింది డయాఫ్రం పూర్తిగా మూయండి. వెలుగు చిన్న మచ్చలా వస్తుంది, దాని అంచులు స్పష్టంగా కనబడేదాకా కండెన్సర్‌ని పైకీ కిందికీ జరిపి, పక్క మరలతో మచ్చని మధ్యకి తెచ్చి, చూపు వృత్తం దాటేదాకా తెరవండి. చదివితే పెద్దగా ఉంది గానీ చేసేది అర నిమిషం పని.

6. చూడాల్సింది మధ్యకి తెచ్చుకుని 10, తర్వాత 40. ఇక్కడి నుంచి చిన్న మర మాత్రమే. 40లో పెద్ద మర ముట్టుకోకండి.

నూనె ఆబ్జెక్టివ్

100 ఎక్స్‌కి నూనె ఎందుకంటే, స్లైడ్ గాజులోంచి గాలిలోకి వచ్చేటప్పుడు కాంతి వంగి బయటికి పోతుంది, కటకానికి అందదు. ఇమ్మర్షన్ ఆయిల్ వక్రీభవన గుణకం 1.515, గాజుకి దాదాపు సమానం, అందువల్ల కాంతి వంగకుండా నేరుగా కటకంలోకి వస్తుంది, ఎన్ఏ 1 దాటడం అలాగే సాధ్యం. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె వేసేవాళ్లని చూశాను, వద్దు.

40లో ఫోకస్ అయ్యాక ఆబ్జెక్టివ్‌లని సగం తిప్పి ఖాళీ చోట ఆపి, ఒక్క చుక్క నూనె వేసి, 100ని దానిలోకి తిప్పండి. కండెన్సర్ పూర్తిగా పైకి, వెలుగు పెంచండి, చిన్న మరతో కొద్దిగా సర్దండి. ఒకసారి నూనె పడ్డాక వెనక్కి 40కి తిప్పకండి, 40 కటకానికి నూనె అంటుతుంది. కాలేజీల్లో 40 ఎక్స్ ఎప్పుడూ మసకగానే ఉంటుందని చెప్పుకోవడానికి మూలం ఇదే. పని అయ్యాక లెన్స్ పేపర్‌తో తుడవండి, చొక్కా అంచుతో కాదు.

స్లైడ్లు: వేటితో మొదలుపెట్టాలి

ఉల్లిపొర అందరూ చేసేదే. ఉల్లిపాయ పొర లోపలి వైపున ఉండే పలచటి చర్మం తీసి, నీటిచుక్కలో ముడత లేకుండా పరిచి, అయోడిన్ లేదా సఫ్రానిన్ వేసి, కవర్ స్లిప్‌ని ఒక అంచు ముందు ఆనించి సూదితో మెల్లగా దించాలి. ఒక్కసారిగా పడేస్తే గాలి బుడగలు వస్తాయి. నల్లటి మందమైన అంచుతో గుండ్రంగా, మరీ అందంగా కనబడేవన్నీ గాలి బుడగలే, రికార్డులో వాటిని కణాలని గీసినవాళ్లు ఎందరో. రియో అనే మొక్క ఆకు అడుగు పొరలో పత్రరంధ్రాలు, నోరు పుక్కిలించి బుగ్గ లోపల ఇయర్‌బడ్‌తో మెల్లగా రుద్ది మిథిలీన్ బ్లూ వేస్తే మన కణాలు, కేంద్రకాలతో సహా. వాడిన బడ్‌ని బ్లీచింగ్ నీళ్లలో వేసి పారేయండి.

ఎండుగడ్డి నీళ్లలో నానబెట్టి నాలుగైదు రోజులాగితే పారమీసియం లాంటివి దొరుకుతాయి. పరుగులు పెడుతుంటే చుక్కలో రెండు మూడు దూది పోగులు వెయ్యండి, ఆ సందుల్లో చిక్కుకుని నిలబడతాయి.

కణ విభజన చూడాలంటే ఉల్లిగడ్డ వేర్లు నీళ్లలోకి రానిచ్చి, ఉదయం పూట కొనలు కోసి, ఒక వంతు ఎసిటిక్ యాసిడ్, మూడు వంతుల ఆల్కహాల్‌లో ఒక రోజు ఉంచండి. తర్వాత పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కొద్ది నిమిషాలు వెచ్చచేసి, ఎసిటోకార్మిన్ వేసి, కవర్ స్లిప్ మీద బ్లాటింగ్ పేపర్ పెట్టి బొటనవేలితో నొక్కాలి. పనికొచ్చేది కొనలోని రెండు మూడు మిల్లీమీటర్లే, పైభాగంలో ఎంత వెతికినా విభజన ఉండదు.

పెరుగులో బాక్టీరియాకి గ్రామ్ స్టెయిన్ చెయ్యండి. డెన్మార్క్ వైద్యుడు గ్రామ్ 1884లో చెప్పిన పద్ధతి, ఇప్పటికీ బాక్టీరియాలజీ ల్యాబ్‌లో మొదటి పని. పెరుగుని బాగా పలచన చేసి స్లైడ్ మీద పూసి ఆరనిచ్చి, మంట మీదుగా రెండుమూడుసార్లు పోనివ్వండి. క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, కడిగి అయోడిన్ ఒక నిమిషం, కడిగి ఆల్కహాల్ పది పదిహేను సెకన్లు, కడిగి సఫ్రానిన్ అర నిమిషం. ఊదాగా మిగిలినవి గ్రామ్ పాజిటివ్, ఎర్రగా మారినవి గ్రామ్ నెగటివ్, పెరుగులోవి ఊదాగానే వస్తాయి. ఈ మొత్తంలో చెడిపోయేది ఆల్కహాల్ దగ్గరే, ఎక్కువసేపు ఉంచితే పాజిటివ్ కూడా ఎర్రబడుతుంది.

ఆస్పత్రి ల్యాబుల్లో చూడటం అంటే లెక్కపెట్టడం కూడా. తెమడ స్లైడ్‌ని జీల్ నీల్సన్ రంగుతో చేసి నూనె ఆబ్జెక్టివ్‌తో 100 ఫీల్డులు (ఒకసారికి కనబడే వృత్తం ఒక ఫీల్డు) చూసి ఒక్క క్షయ కడ్డీ కూడా లేకపోతేనే నెగటివ్ అని రాయాలి. 100 ఫీల్డుల్లో 1 నుంచి 9 ఉంటే ఆ సంఖ్య రాస్తారు, 10 నుంచి 99 ఉంటే 1+, ఫీల్డుకి 1 నుంచి 10 ఉంటే 2+, అంతకు మించితే 3+. మలేరియాకీ అంతే, మందపాటి పూతలో కనీసం 100 ఫీల్డులు. పది చూసి లేదు అని రాసేస్తే ఆ రోగికి మైక్రోస్కోప్ ఉన్నా లేనట్టే. రక్తం, తెమడ ఇంట్లో చేసే పనులు కావు, శిక్షణ ఉన్న చోటే చెయ్యండి.

కొలత

ఐపీస్ మీద 18 అని ఫీల్డ్ నంబర్ రాసి ఉంటే దాన్ని ఆబ్జెక్టివ్‌తో భాగించండి. 10 ఎక్స్‌లో కనబడే వృత్తం వెడల్పు 1.8 మిల్లీమీటర్లు, 40లో 0.45. 10 ఎక్స్‌లో వృత్తం అడ్డంగా ఆరు ఉల్లికణాలు పట్టాయంటే ఒక్కోటి 0.3 మిల్లీమీటరు. సరిగ్గా కావాలంటే స్టేజ్ మైక్రోమీటర్ స్లైడ్ వాడాలి, అందులో 1 మిల్లీమీటరుని 100 భాగాలు చేసి ఉంటారు, ఒక్కో గీతకి 10 మైక్రాన్లు. ఐపీస్‌లోని స్కేల్‌ని దానితో పోల్చి ఒక్కో ఆబ్జెక్టివ్‌కి విలువ ఒకసారి కట్టి, చీటీ రాసి మైక్రోస్కోప్‌కి అంటించండి. రక్తపు స్లైడ్‌లో అయితే ఎర్రకణమే స్కేలు, సుమారు 7.5 మైక్రాన్లు.

తేడా వస్తే

సగం చంద్రుడిలా నల్లగా ఉంటే ఆబ్జెక్టివ్ సరిగ్గా కూర్చోలేదు. మచ్చ కనబడుతుంటే ఐపీస్ తిప్పండి, అదీ తిరిగితే దుమ్ము ఐపీస్ మీద ఉంది, స్లైడ్ జరిపితే కదిలితే స్లైడ్ మీద, రెండింటికీ కదలకపోతే కండెన్సర్ మీదో దీపం మీదో. 40 మాత్రమే మసకగా ఉంటే ముందు స్లైడ్ తలకిందులుగా ఉందేమో, తర్వాత నూనె అంటిందేమో, ఆ తర్వాత కవర్ స్లిప్ మందం. ఎండిన నూనె వదలకపోతే లెన్స్ పేపర్ అంచుకి ఒక్క చుక్క జైలీన్ తడిపి తుడవండి, ఎక్కువైతే కటకం అతికించిన జిగురు కరుగుతుంది. బాక్టీరియా స్లైడ్‌లో అన్నీ ఉన్నచోటే వణుకుతుంటే అది ఈదడం కాదు, నీటి అణువులు తాకడం వల్ల వచ్చే బ్రౌనియన్ చలనం, చచ్చినవి కూడా అలాగే వణుకుతాయి. ఈదేవి చోటు మారతాయి.

ఫోన్‌తో ఫొటో తియ్యాలంటే ఫోన్‌ని ఐపీస్‌కి అంటించకుండా కొంచెం ఎత్తులో, వెలుగు వృత్తం స్క్రీన్ నిండేచోట ఆపండి. చవకైన క్లిప్పు అడాప్టర్ ఒకటి కొనుక్కుంటే చెయ్యి వణికే బాధ ఉండదు.

మన వాతావరణంలో, ముఖ్యంగా కోస్తాలో, మైక్రోస్కోప్‌ని చంపేది ఫంగస్. కటకం లోపల సాలెగూడులా అల్లుకుని గాజు పూతనే తినేస్తుంది. వానాకాలంలో ప్లాస్టిక్ కవర్ కప్పి నెలల తరబడి వదిలేస్తే లోపల చెమ్మ పట్టి ఇంకా త్వరగా వస్తుంది. గట్టిగా మూత పడే డబ్బాలో సిలికా జెల్ వేసి ఆబ్జెక్టివ్‌లనీ ఐపీస్‌లనీ అందులో ఉంచండి, జెల్ రంగు మారితే వేడిచేసి మళ్లీ వాడండి. ఫంగస్ అప్పటికే లోపలికి పోయి ఉంటే ఆబ్జెక్టివ్‌ని మీరు విప్పకండి, లోపలి కటకాల వరస తప్పితే మళ్లీ కూర్చోదు. సర్వీసు చేసేవాళ్లకి ఇవ్వండి, లేదా ఆ ఒక్క ఆబ్జెక్టివ్ కొత్తది కొనండి, 160 ట్యూబ్ రకానివి అయితే ఒక కంపెనీవి ఇంకో కంపెనీ దానికి చాలావరకు సరిపోతాయి.